చెన్నకేశవ పేరు తీసేయకు

దర్శన్,

తళి ఊరికి వెళ్తున్నాను. నాతో కలిసి పేపర్ రాసిన చెన్నకేశవను ఈ ఉదయమే మట్టి చేస్తారట. కాన్ఫరెన్స్‌కు ఆ పేపర్ పంపే గడువు సాయంత్రంతో ముగుస్తుంది. వాళ్ల ఊళ్లో ఫైల్ ఎక్కించేంత నెట్ రాదు. లాప్‌టాప్ తెరిచే ఉంచాను. ఫైల్ ఎక్కించి సబ్మిట్ నొక్కు. ఇంకేదీ మార్చకు.

పేపర్ మీద ఎవరి పేరూ ఉండదు. రాసిందెవరో తెలియకుండానే దాన్ని పరిశీలిస్తారు. పేర్లు వెబ్‌సైట్ ఫారంలో మాత్రమే ఉంటాయి. అక్కడ అతని పేరు తీసేయకు. "పోయినోడి పేరు ఇంకా ఏలక్కా?" అని రాత్రి అన్నావు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆ పేపర్లో అసలైన నిరూపణ అతనిదే. నిన్న పొద్దున కూడా దాంట్లో ఒక తప్పు దిద్ది పంపి, బండెక్కాడు. అత్తిబెలె దగ్గర లారీ గుద్దింది.

వాళ్లమ్మ అంజనమ్మ ఫోన్లో ఒకటే అడిగింది: "మావాడు రాసిండేది ఆగిపోదు కదమ్మా?" ఆగదని చెప్పాను.

అన్నం, చారు వండాను. తిను.

మంజు అక్క

సబ్మిట్ నొక్కే ముందు నాకు ఫోన్ చెయ్యి. పేపర్ అందినట్టు మా ఇద్దరికీ మెయిల్ వస్తుంది. అతని ఫోన్ వాళ్లమ్మ చేతిలో ఉంది. అది మోగేటప్పుడు నేను ఆమె పక్కన ఉండాలి.