గరిటె మీద గింజలు

బావగారికి,

పిల్లలిద్దరూ కులాసా, చిన్నదాని జ్వరం కూడా తగ్గింది, కంగారుపడకండి. నిన్న పెద్దాడూ అదీ కలిసి ఖాళీ నీళ్ళ సీసాకి రెండు పక్కలా చిల్లులు పెట్టి, అక్క చెక్క గరిటె అడ్డంగా దూర్చి, పిచ్చుకల కోసం వంటింటి కిటికీకి వేలాడదీశారు. సీసాలో పోసిన గింజలు కాసిని కాసిని గరిటె గుంటలోకి జారతాయి. పిచ్చుకలకి గరిటె దక్కింది, నేను అట్లకాడతో కూర కలుపుకుంటున్నాను.

నేను మూతిదాకా గింజలు పోస్తే చిన్నది సగానికి పైగా ఒంపేసింది. అదేమిటే అంటే, "నిండా పోస్తే మనం వెళ్ళిపోతున్నాం అనుకుంటాయి పిన్నీ" అంది.

బీరువా తాళంచెవి ఎక్కడ పెట్టారు? పెద్దాడి ఉన్నికోటు అందులోనే ఉంది, పొద్దున్నే వణుక్కుంటూ బడికి పోతున్నాడు. కుళాయి బాగుచేసేవాడు రేపొస్తానని పోయినవాడు మళ్ళీ పత్తా లేడు.

ఆసుపత్రికి బయల్దేరే ముందు అక్క చిన్నదాన్ని ఒళ్ళో కూచోబెట్టుకుని కడుపునిండా తినిపించింది, మీకు గుర్తుండే ఉంటుంది. మళ్ళీ ఇంటికి రాలేదు. ఇన్నాళ్ళూ నా చేతి ఆఖరి ముద్దకి అది నోరు బిగిస్తుంటే మొండితనం అనుకున్నాను. నెలాఖరుకి మా ఇంటికి వెళ్దామనుకున్నదాన్ని ఆగిపోతున్నాను. మా ఆయనకి నేనే చెప్పుకుంటాను.

చోటు అయిపోవచ్చింది. పెద్దాడు నాన్నని అడిగానని రాయమన్నాడు. మీ ఒళ్ళు జాగ్రత్త. ఈసారి కార్డులో చిన్నదానికి "కడుపునిండా తిను తల్లీ" అని రాయకండి. ఎప్పుడొస్తారో రాయండి.

మీ మరదలు