నీ అద్దాల మీది పిండి మరక

అమ్మా,

ఇయ్యాల పదో తరగతికి కటకాల పాఠం చెప్పిన. బడిల ఉన్న ఒక్క కుంభాకార కటకం పగిలింది. అందుకే నువ్వు పప్పుల రాళ్లేరేటప్పుడు పెట్టుకునే అద్దాలు పట్టుకపోయిన.

రొట్టెలు చేసుకుంట పిండి చేత్తోనే అద్దాలు తీస్తవని నీ మీద ఎంత ఒర్రేదాన్నో యాదికుందా? కుడి అద్దం మీద నీ బొటనవేలి మరకను, నువ్వు పోయినంక గూడ, అట్లనే ఉంచిన.

కిటికీకి ఎదురుంగ పట్టుకుంటే గోడ మీద బొమ్మ మసకగ పడ్డది. "అద్దం ఖరాబున్నది మేడం" అని షాహీన్ జల్దీ జల్దీ చున్నీతోని తుడిచింది. నేను వద్దనే లోపలే అయిపాయె. కిటికీ, బయటి యాపచెట్టు తలకిందులుగ, సాఫ్‌గ గోడ మీదికొచ్చినయి. పిల్లలు చప్పట్లు కొట్టిండ్రు. "దూరం నుంచి వచ్చే వెలుగును కటకం ఒక్క కాడికి తెస్తది" అని చెప్పుకుంట నిలబడ్డ.

సాయంత్రం రొట్టెలు చేస్తుంటే ఫోన్ల మెసేజ్ వచ్చింది. అక్షరాలు కనబడలే. నీ అద్దాలు పెట్టుకుంటే మంచిగ కనబడ్డయి. ఇగ నాకు గూడ అద్దాలు అవసరం పడ్డయన్నట్టు. తీసేటప్పుడు చెయ్యి కడుక్కునుడు మర్చిపోయిన. కుడి అద్దం మీద మళ్ల పిండి మరక పడ్డది.

ఒర్రేటోళ్లు ఎవ్వరు లేరు. తుడువబుద్ధి గాలే.