తడిశాకగారు

ఫిబ్రవరి 2, 2003

ప్రియమైన అత్తకి,

నేను రోజూ లైబ్రరీకి ఎందుకు వెళ్తున్నానో మన ఇంట్లో అందరికీ తెలుసు, నాకొక్కదానికే తెలియదు. అమ్మ ఉద్దేశంలో లైబ్రరీ చూసుకునే గణేష్‌బాబుగారి కోసం. ఆయనకి నలభై రెండేళ్లు, ముగ్గురు పిల్లలు, పంటి నొప్పికి ఎప్పుడూ బుగ్గన లవంగం. అన్నయ్య ఉద్దేశంలో డిగ్రీ చదివానన్న పొగరు ఊరికి చూపించుకోడానికి. నాన్నగారైతే అంత ఆలోచన కూడా పెట్టలేదు. "తిరగనియ్యవే, కాళ్లు నెప్పెడితే అదే వచ్చి కూర్చుంటుంది" అన్నారు. మిగతా రెండిటి కన్నా ఇదే ఎక్కువ మండింది నాకు.

అసలు సంగతి నీకు చెప్తాను. లైబ్రరీ బయట నల్లబల్ల ఉంది కదా, పేపర్లో ముఖ్యమైన వార్తలు దాని మీద సుద్దముక్కతో రాయడం ఇప్పుడు నా పని. గణేష్‌బాబుగారి రాత ఆయనకే అర్థం కాదు. అడుగున నాలుగు వేళ్ల ఖాళీ మిగిలితే సొంతంగా ఏదో ఒకటి రాస్తుంటాను.

ఈ ఏడు గోదాట్లో నీళ్లు తక్కువని రెండో పంట దాళ్వాకి కాలవ నీళ్లు వంతులు పెట్టారు కదా. పోయిన వారం మీ శివారు ఊళ్ల వాళ్లు తొమ్మిది సైకిళ్లేసుకుని మన ఇంటికొచ్చారు, పైనున్న మనల్ని కొంచెం కిందకి వదలమని అడగడానికి. అప్పుడు నాన్నగారు అరుగు మీద కూర్చుని గెడ్డం గీయించుకుంటున్నారు. మొహమంతా నురగ. ఆ నురగ మధ్యలోంచి, "ముందు మాది తడవనివ్వండయ్యా, తడిశాక చూద్దాం" అన్నారు.

"ఎప్పటికి తడుస్తుందండి?" అన్నాడు ఒకాయన.

"అది మా చేను చెప్పాలి గానీ నేనెలా చెబుతాను?"

మర్నాడు బోర్డు అడుగున ఇలా రాశాను: "శ్రీ తడిశాకగారు క్షేమం. నిన్న భోజనాల పంక్తిలో అందరికన్నా ముందు కూర్చున్నారు. తమ విస్తట్లో పెరుగు దాకా పడ్డాక, మిగతా వాళ్ల ఆకలి సంగతి ఆలోచిస్తారట." పక్కన ఒక బొమ్మ. తూము మీద బాసింపట్టు వేసుకుని, ఎర్రటెండలో గొడుగేసుకున్న మనిషి.

జనం మూగారు. నాన్నగారూ వచ్చారు. కళ్లజోడు తీసి తుడుచుకుని రెండుసార్లు చదివి, కండువా జారిపోయేలా నవ్వారు. "ఎవరు రాశారో గానీ మన వీరవెంకటసత్యనారాయణని అచ్చు గుద్దేశారు!" అన్నారు. ఆ వీరవెంకటసత్యనారాయణగారు అప్పటికే టీ కొట్టు దగ్గర అది తన వియ్యంకుడి గురించేనని పందెం కాస్తున్నారట.

నవ్వాలో ఏడవాలో తెలియక నీకు రాస్తున్నాను. ఫోను నాన్నగారి పడక్కుర్చీ పక్కనే ఉంటుంది కాబట్టి మనకి ఉత్తరాలే నయం. మావయ్య దగ్గు తగ్గిందా?

నీ మేనకోడలు
పావని


ఫిబ్రవరి 11

బంగారుతల్లి పావనికి అత్త దీవెనలు.

నీ ఉత్తరం మీ మావయ్యకి పైకి చదివి వినిపించాను. గొడుగు బొమ్మ దగ్గర ఇద్దరం పడీపడీ నవ్వాం. నవ్వు ఆగాక ఆయన, "ఆ రోజు నేనూ వెళ్లానులే" అన్నారు. నాకు తెలియదమ్మా. కొబ్బరి దింపు ఉందని చెప్పి వెళ్లారు నాతో. "మరి లోపలికెళ్లి మాట్లాడలేకపోయారా?" అంటే, "బావగారు చూస్తే పలకరించాలి, పలకరిస్తే కాఫీ ఇస్తారు, కాఫీ తాగాక ఇంక నీళ్లేం అడుగుతాం? అందుకే గేటు అవతల చెట్టు చాటుకి జరిగాను" అన్నారు. నువ్వు తొమ్మిది సైకిళ్లు లెక్కపెట్టావు. తొమ్మిదోది మనదే.

చేను ఇప్పటికి పచ్చగానే ఉంది. వచ్చే నెల మొదట్లో పొట్ట మీదకొస్తుంది. అప్పుడు నీళ్లు నిలవకపోతే కంకి బయటికి రాదు, నీకు తెలియనిదేముంది. పోయిన వంతుకి నాలుగు రోజులు కాలవ వదిలారన్నారు గానీ మా చేలోకొచ్చే బోదెలో పాదం మునగలేదు. పైన షట్టర్లన్నీ సక్రమంగానే ఎత్తామంటున్నారు కాలవ ఆఫీసు వాళ్లు. మరి ఆ నీళ్లు దారిలో ఎక్కడ దిగిపోతున్నాయో ఆ భగవంతుడికే తెలియాలి.

మా అన్నయ్యని నేను అడగలేను. నేనడిగితే, పెళ్లాం చేత అడిగించుకున్నాడని మీ మావయ్యకి చిన్నతనం. నువ్వు ఒక్కమాట చెప్పి చూడు. పైకి చూపించడు గానీ, నీ మాటంటే అన్నయ్యకి గురి.

పండుమిరపకాయ పచ్చడి పెట్టాను. ఎవరైనా అటు వస్తుంటే పంపుతాను.

మీ అత్త
మాణిక్యాంబ


ఫిబ్రవరి 24

ప్రియమైన అత్తకి,

నాన్నగారితో చెప్తాను, మంచి సమయం చూసి. ఈలోగా నీకొక వింత చెప్పకపోతే నాకు అన్నం సయించదు.

మొన్న పాలకొల్లు బస్టాండులో ఒకాయన కిటికీలోంచి తువాలు విసిరి ముగ్గురు పట్టే సీటు ఆపేసుకున్నాడు. వెనకాల బుట్ట పట్టుకుని నిలబడ్డ ఒకావిడ, "ఏవండోయ్ తడిశాకగారూ, మీ తువాలుకి కూడా టిక్కెట్టు తీశారా?" అంది. బస్సంతా ఘొల్లుమంది. నేను ఆవిడనెప్పుడూ చూడలేదత్తా! మన ఊరి మనిషి కూడా కాదు. దేవకుమారి పిన్ని వాళ్లు అన్నవరం వెళ్లి వ్రతం చేయించుకొచ్చారు. అక్కడ ప్రసాదం దగ్గర ఎవరో లైను తప్పి దూరితే, తుని వైపు యాసలో, "తడిశాకోరొచ్చారు, దారియ్యండి" అన్నారట. నా స్నేహితురాలికి భీమవరం నుంచి ఎవరో సెల్‌ఫోన్లో మెసేజ్ పంపారు, ఇంగ్లీషు అక్షరాల్లో. అందులో తడిశాకగారు చచ్చి స్వర్గానికి వెళ్లి తలుపు లోపల గడియ పెట్టేసుకున్నాడు. అది నేను రాయలేదు! వాడికి కాళ్లొచ్చేశాయి.

డిగ్రీలో మా జువాలజీ మేడం చెప్పేవారు. జలుబు ఒకరి నుంచి ఒకరికి అంటుకున్నట్టే మాటలూ, పాటలూ, పనికిమాలిన అలవాట్లూ బుర్ర నుంచి బుర్రకి అంటుకుంటాయట. వాటిని మీమ్ అంటారట. మంచిదే బతకాలని లేదు, అంటుకునే గుణం ఉన్నది బతుకుతుంది అనేవారు. ఈ మాటకి ఆ గుణం ఎక్కణ్ణించి వచ్చిందో నేను కనిపెట్టాను. తడిశాకగారు అనగానే ప్రతివాళ్లకీ ఎవరో ఒకరు గుర్తొస్తారు, తాము తప్ప. నాన్నగారు రోజుకి మూడుసార్లు వాడుతున్నారు. నిన్న కూర గిన్నె ముందు తన వైపు లాక్కున్నాడని అన్నయ్యని అన్నారు.

ఇంత నవ్విన ఊరికి ఎప్పుడో ఒకప్పుడు సిగ్గేయకుండా ఉంటుందా? నేను నోరు విప్పక్కర్లేకుండా ఆ మాటే నీళ్లు వదిలిస్తుందని నా నమ్మకం.

పచ్చడి అందింది. సగం నేనే తినేశాను.

నీ
పావని


మార్చి 7

పావనికి,

నీ మాట మా ఊరొచ్చింది. నీళ్లు రాలేదు.

అక్కడ ఎవరికీ తెలియకపోవచ్చు గానీ తడిశాకగారంటే ఎవరో మా ఊళ్లో అందరికీ తెలుసు. ఆ నురగ మొహాన్ని కళ్లారా చూసినవాళ్లు ఇక్కడే ఉన్నారు కదమ్మా. పక్కచేను సుబ్బాయమ్మ, నాతో కలిసి ఊడ్పులు ఊడ్చిన మనిషి, "నీకేంటి వదినా, తడిశాకవారి ఆడపడుచువి. మావి ఎండినా మీది ఎండుతుందా?" అంది. అన్నయ్య మాకు చాటుగా నీళ్లు పంపుతున్నాడనుకుంటున్నారు. ఎలా పంపుతాడు, బిందెలతోనా?

మొన్న వంతుకి తడిసీ తడవనట్టు కాస్త నీరొచ్చింది. మడికి గండి కొట్టుకుందామని వెళ్తే మీ మావయ్య చేతిలోంచి పక్క చేలవాళ్లు పార తీసేసుకున్నారు. "ముందు మాది తడవనీ బావా, తడిశాక మీది చూద్దాం" అన్నారు. నవ్వుతూనే. తిడితే మేమూ తిట్టేవాళ్లం. అందరూ నవ్వుతుంటే మీ మావయ్య కూడా నవ్వేసి ఇంటికొచ్చారు.

రెండెకరాలు నెర్రెలిచ్చింది. కంకి పొట్టలోనే ఉండిపోయింది. చీల్చి చూస్తే తెల్లగా, మెత్తగా ఉంది. మూడో ఎకరం పల్లంలో ఉంది కాబట్టి ఇంకో వారం ఆగుతుందేమో.

నువ్వు అన్నయ్యతో చెప్పావా? చెబితే ఏమన్నాడో రాయి. చెప్పకపోతే చెప్పలేదని రాయి. బస్సుల్లో ఎవరేమన్నారో నాకొద్దు. నిన్ను చంకనేసుకుని పెంచినదాన్నన్న చనువుతో అడుగుతున్నాను.

మాణిక్యాంబ


మార్చి 12

ప్రియమైన అత్తకి,

చెప్పలేదు. నీ ఉత్తరం వచ్చేదాకా చెప్పలేదు.

అది వచ్చిన రోజే చెప్పాను. నాన్నగారు పెసరట్టు తింటున్నారు. "నాన్నగారూ, తడిశాకగారంటే మీరే. బోర్డు మీద రాసింది నేను" అన్నాను. అమ్మ చేతిలో అట్లకాడ అలాగే ఆగిపోయింది.

"నేనా?"

"మీరేనండి. శివారు వాళ్లొచ్చినప్పుడు అన్నారు కదా."

కాసేపు నమిలారు. కోప్పడతారనుకున్నాను. "ఓసినీ!" అని ఒక్కసారిగా నవ్వారు. "ఏమే, విన్నావా? అన్నవరం కొండ మీద కూడా మన గురించే చెప్పుకుంటున్నారట! చంద్రరావు పేరు తుని దాటిందే!"

"అత్త చేను ఎండిపోతోందండి."

"ఒక్క వారం ఆగమను. మనదొక్కటి తడిశాక..." అన్నారు. అని, తన మాట తన చెవిన పడి, ఇంకా గట్టిగా నవ్వారు.

రెండ్రోజులకల్లా ట్రాక్టరు తొట్టి మీద ఎర్ర రంగుతో "తడిశాక చంద్రరావు" అని రాయించారు. కుర్రాళ్లు దాని పక్కన నిలబడి ఫొటోలు తీయించుకుంటున్నారు. వీరవెంకటసత్యనారాయణగారు, "మాట ముందు నాకే పెట్టారయ్యా, నువ్వు లాక్కున్నావు" అని ఉడుక్కుంటున్నారు. ఎగతాళి చేస్తే సిగ్గుపడతారనుకున్నాను. బిరుదు పెట్టుకున్నారు. మీ ఊళ్లో అదే మాటతో పార లాక్కున్నారు. మా మేడం సగమే చెప్పారు. అంటుకున్నది పుట్టించినవాళ్ల మాట వినదని చెప్పలేదు.

ఇన్నాళ్లూ నీకు రాయనిది ఇప్పుడు రాస్తున్నాను. నీళ్లు దారిలో ఎక్కడ దిగిపోతున్నాయో నాకు తెలుసు. నువ్వు అడిగినప్పుడూ తెలుసు, సుద్దముక్క పట్టుకున్నప్పుడూ తెలుసు. పోయిన మే నెలలో మరమ్మతులకి కాలవ కట్టేసినప్పుడు పనివాళ్లకి మజ్జిగ పట్టుకెళ్లి చూశాను. గట్టు అడుగు నుంచి మన చేలోకి సిమెంటు గొట్టం వేయించారు నాన్నగారు. నోటికి అడ్డంగా గుర్రపుడెక్క అల్లుకుని ఉంటుంది, పైకి కనబడదు. షట్టరు ఎంత ఎత్తినా దించినా దానికి సంబంధం లేదు.

దాని గురించి ఒక్క అక్షరం రాయలేదు నేను. బొమ్మ గీశాను. బొమ్మ కింద సంతకం పెట్టక్కర్లేదు, ఇంట్లో పెసరట్టు ఆగదు. ఊరు నవ్వుతుంటే నేనేదో చేసేశాననుకున్నాను. నువ్వు నీళ్లడిగితే, నా మాట ఎంత దూరం వెళ్లిందో కొలిచి చెప్పాను నీకు.

నిన్న కాలవ ఆఫీసుకి వెళ్లాను. ఇంజనీరుగారు, "ఇలాంటివి చాలా వింటామండి. కళ్లతో చూసినవాళ్లు అర్జీ మీద సంతకం పెడితే గానీ గట్టు తవ్వించలేం" అన్నారు. అక్కడే కూర్చుని రాసిచ్చాను. చంద్రరావుగారి అమ్మాయినని కూడా రాశాను. ఆయన కాగితం రెండుసార్లు చదివి, "ఇంట్లో తెలుసాండి?" అన్నారు.

"సాయంత్రానికి తెలుస్తుందండి" అన్నాను.

తెలిసింది. నేనే చెప్పాను. అమ్మ ఏడ్చింది. అన్నయ్య, "ఎవరు చెప్పించారే నీచేత?" అని పదిసార్లు అడిగాడు. నాకు నేనుగా చేశానంటే వాడికి ఎక్కలేదు. నాన్నగారు ఈసారి నవ్వలేదు. "మన చేను మీద నువ్వు అర్జీ పెట్టావా?" అన్నారు. అవునన్నాను. సగం అన్నంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. తర్వాత వీధరుగు మీద నుంచే, నాకు వినబడేలా, శుక్రవారం ఆఫీసు వాళ్లు గట్టు తవ్వడానికొస్తే తనూ అక్కడ ఉంటానని, తన కళ్లెదుట గొట్టం ఎవరు చూపిస్తారో చూస్తానని అన్నారు.

నీ మూడో ఎకరం నిలుస్తుందో లేదో నాకు తెలియదు. నిలవకపోవచ్చు. ఈ ఉత్తరం సుబ్బాయమ్మగారికి చూపించాలనిపిస్తే చూపించు.

శుక్రవారం పొద్దున్న పదింటికి ఇంజనీరుగారు, కాలవ కాపలా లస్కర్లు వస్తున్నారు. గొట్టం ఎక్కడుందో నేను చూపిస్తాను.

పావని