అర నిమిషం ప్రసంగం

ప్రియమైన అన్నయ్యకి,

పళ్లు కొరుక్కుంటూ రాస్తున్నాను. కోపం వస్తే నోరు విప్పకూడదు, కాగితం మీద రాసి, ఒక రోజు సొరుగులో పెట్టి, మర్నాడు చదువుకుని అప్పుడు పంపాలని నాన్న పెట్టిన నియమం ఉంది కాబట్టి ఇది ఉత్తరం. లేకపోతే ఫోను చేసేవాణ్ణి, ఏమనేవాణ్ణో నాకే తెలీదు.

మొన్న ఆదివారం ప్రార్థన కూడికలో నువ్వేమన్నావు? "తెల్లవారకముందే లేచి ఫోను దుకాణం ముందు వరస కడతారు. దేవుని సన్నిధికి మాత్రం రెండో పాటకి వస్తారు. అదిగో, ఆ గొడుగు గుర్తే దేవుణ్ణి వదిలి మొక్కుతున్న మీ బంగారు దూడ!" అన్నావు. బల్ల గుద్దావు. నీళ్ల గ్లాసు పడింది. నేనూ వెనక వరసలో ఉన్నాను, విన్నాను. బాగానే ఉంది.

మంగళవారం పొద్దున్న మా గొడుగు కంపెనీ ఫోన్ల షోరూము షట్టరు ఎత్తేసరికి, ఎదురుగా తాళంచెవి కంపెనీ వాళ్ల అద్దాల వెనక, గోడంత టీవీలో నువ్వు! మెడలో కొలతల టేపుతో సహా. అర నిమిషం. "మీ బంగారు దూడ!" ఢాం అని బల్ల. మళ్లీ మొదటినుంచి. కింద ఎర్రక్షరాలు: "పెద్దలు చెప్పారు. తాళంచెవి తీసుకోండి."

మా మేనేజరు టీవీని చూశాడు. నన్ను చూశాడు. మళ్లీ టీవీని చూశాడు. "ఆ ముక్కు ఎక్కడో చూశానే" అన్నాడు. "మా అన్నయ్య సార్" అన్నాను. మొహాన పెట్టుకుని తిరుగుతున్న ముక్కుని ఎక్కడ దాచను?

నెలాఖరులోగా దాన్ని ఆపించకపోతే నన్ను తీసేస్తాడట. నాలుగేళ్లలో ఇది నాకు మూడో కంపెనీ. ఇదీ పోతే నాలుగోవాడు గుమ్మం ఎక్కనివ్వడు. ఆ వీడియో తీసిన దరిద్రుడెవడో! యాభైమంది యాభై ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు, ఎవడని చెప్పను?

మాట నీది కాబట్టి దారీ నువ్వే చూడు.

నీ తమ్ముడు


ప్రభువునందు ప్రియమైన తమ్ముడికి,

శుభాలు చెప్పే స్థితిలో లేను గాని, శుభాలు.

నీ ఉత్తరం చదివి, చేతిలో ఉన్న చొక్కాకి కాలరు కూడా కుట్టకుండా బస్సెక్కి వచ్చాను. నువ్వు భోజనానికి వెళ్లిన వేళ ఆ టీవీ ముందు నిలబడి నాలుగుసార్లు చూశాను. గ్లాసు పడుతుంది, బల్ల మోగుతుంది, నా మాట పూర్తికాకముందే ఎవరో ఆమేన్ అంటారు, అయిపోతుంది. ఇంటికొచ్చి జవాబు రాసి సొరుగులో ఉంచాను. మర్నాడు చదివితే నాకే నచ్చలేదు. ఇది రెండోది.

నేను మాట్లాడింది గంటా పది నిమిషాలు. గొడుగుని ఎంత తిట్టానో తాళంచెవినీ అంతే తిట్టాను. "తాళంచెవి జేబులో ఉంటే పరలోకం తలుపు తెరుచుకుంటుందనుకుంటున్నారా?" అని ఆ వెంటనే అడిగాను. అదేదీ? ఒంటి చెయ్యి చొక్కా కుట్టి ఇదే పూర్తి చొక్కా అంటే ఎవడు తొడుక్కుంటాడు? పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా మాట సగమే దాటింది, ఆ సగమే ఊరేగుతోంది.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. పోయిన నెల ఎవరో సహోదరుడు కూడికకి ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు పంపాడు. ఇచ్చిన చెయ్యి ఎవరిదని అడగలేదు, స్తోత్రం చెప్పి దింపించుకున్నాను. ఇప్పుడు తిప్పి చూస్తే ప్రతి కుర్చీ వీపు మీదా తాళంచెవి గుర్తు! నెల రోజులుగా జనం ఆ గుర్తుకి ఆనుకుని కూర్చుని నా వాక్యం విన్నారు. బైబిల్లో గిన్నెడు కూరకి జ్యేష్ఠత్వం అమ్ముకున్నవాణ్ణి నేను ప్రసంగాల్లో ఎన్నిసార్లు దులిపేశానో నీకు తెలుసు. వాడికి కనీసం ఆకలేసింది. నాకేమొచ్చింది?

ఇక నీ సంగతి. పోయినేడు తాళంచెవి చొక్కా వేసుకుని, గొడుగు ఫోను ఎందుకూ పనికిరాదని నాకే ఉపన్యాసం ఇచ్చావు. ఈ ఏడు గొడుగు చొక్కా. ఏ ఎండకా గొడుగు అంటే ఇదే కాబోలు. "అద్దె ఇల్లయినా ఇంత తొందరగా ఎవరూ ఖాళీ చెయ్యరు" అంటోంది మీ వదిన. నేను నవ్వలేదు. కొంచెం నవ్వాను.

ఇద్దరు యజమానులకి దాసుడుగా ఉండలేమని వాక్యం. నువ్వు ముగ్గురి దగ్గర చేశావు.

అన్నయ్య


అన్నయ్యా,

"ప్రియమైన" అని రాశాను, కొట్టేశాను, మర్నాడు మళ్లీ రాస్తున్నాను. ప్రియమైన అన్నయ్యా,

కంపెనీలు మారానని ఎత్తిపొడుస్తున్నావు. మొదటివాళ్లు ఫోన్లు తయారుచెయ్యడమే మానేశారు. తాళంచెవివాళ్లు ఒక్క రోజులో సగంమందిని ఇంటికి పంపారు. చొక్కా నేను విప్పలేదు, వాళ్లు లాక్కున్నారు. విశ్వాసం గురించి నాకు చెబుతావేం? వాళ్లకి చెప్పు.

రోజంతా నిలబడి నేను వినేదేమిటో తెలుసా? ఒకావిడ, "మా ఇంట్లో అందరిదీ తాళంచెవే బాబూ, నేనొక్కదాన్నీ గొడుగు కొంటే వాళ్ల ఫొటోలు నాకు సరిగ్గా రావు, పరాయిదాన్నయిపోతాను" అంటుంది. ఇంకొకాయన గొడుగు ఫోను మూడుసార్లు బాగుచేయించుకుని నాలుగోసారీ గొడుగే కావాలంటాడు. ఎందుకండీ అంటే "అలవాటు" అంటాడు. ఇంత ఓర్పు వాళ్లావిడ మీద ఉందో లేదో. ఈ గోల మధ్య ఎదురుగా నువ్వు ఢాం, ఢాం.

మేనేజరు ఒక దారి చెప్పాడు. నువ్వు షోరూముకి రావాలి. మా కొత్త ఫోను చేత్తో పట్టుకుని ఒక్క ఫొటో. పక్కన "నేను మారాను" అని రాయిస్తాడు. వాళ్ల టీవీకి రెండింతల బోర్డు కడతాడు. ఫోను నీకే ఇచ్చేస్తాడు. నువ్వు నోరు విప్పక్కర్లేని పని ఈ లోకంలో ఇదొక్కటే అన్నయ్యా, ఇదైనా చెయ్యి. నెలాఖరు శుక్రవారం. గురువారం సాయంత్రం లోపల రావాలి.

నీ కాళ్లు పట్టుకుంటున్నాను. కోపంగానే పట్టుకుంటున్నాను.

తమ్ముడు


ప్రియమైన తమ్ముడికి,

"నేను మారాను" అన్న మాట నేను బతుకులో ఒక్కసారే అన్నాను. పాతికేళ్ల కింద, తాగుడు మానిన రోజు, మోకాళ్ల మీద. నువ్వు చిన్నవాడివి, తలుపు సందులోంచి చూస్తున్నావు. ఆ మాట తీసుకెళ్లి ఫోను పక్కన అంటిస్తావా? మీ మేనేజరు తెలియక అడిగాడు సరే, అది రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది?

కుర్చీలు వెనక్కి ఇచ్చేశాను. పాలాయన బండి ఇచ్చాడు. బస్సు దారంతా నేను లాగాను, ఆయన తోశాడు. తాళంచెవి దుకాణంవాడు గుమ్మంలోకి వచ్చి, "ఎందుకండీ కష్టం, గుర్తు మీద తెల్ల రంగు వేసుకుంటే సరిపోయేది కదా" అన్నాడు. "లోపల కుళ్లు పెట్టుకుని సమాధులకి పైన సున్నం కొట్టినట్టా బాబూ?" అన్నాను. వాడికి అర్థం కాలేదు. టీవీ ఆపమన్నాను. "పైనుంచి వచ్చిన ప్రచారమండీ, మా చేతుల్లో లేదు. అయినా మీకు మంచి పేరేగా" అన్నాడు. ఆ మాట గొంతులో ముల్లులా దిగింది. ఎందుకో తర్వాత చెబుతాను.

ఆదివారం చాపలు పరిచాం. మోకాళ్ల నొప్పులవాళ్లు నన్ను చూసిన చూపులకి నేను అక్కడే ఉప్పుస్తంభమై బిగుసుకుపోవలసింది. "కుర్చీకి పాపం ఉంటుందా అయ్యగారూ?" అని టీచరమ్మ అడిగింది. నాకు జవాబు తోచని రోజు మీ వదినకి మహా సంబరం. ఇంకా వింటావా? గొడుగువాళ్లు ఎడమవైపు, తాళంచెవివాళ్లు కుడివైపు కూర్చున్నారు, గొర్రెలూ మేకలూ విడదీసినట్టు. మధ్యలో బటన్ల ఫోను ముసలాయన ఒక్కడే, కాళ్లు బార్లా చాపుకుని, రాజులాగా.

గురువారం వస్తున్నాను. ఫొటోకి కాదు.

అన్నయ్య


ప్రియమైన అన్నయ్యా,

ఈ ఉత్తరం సొరుగులో పెట్టడం లేదు. నాన్న క్షమించాలి. ఒక రోజు ఆగితే చింపేస్తాను.

నువ్వు గుమ్మంలో అడుగుపెట్టగానే మేనేజరు ఎదురొచ్చి కొత్త ఫోను నీ చేతిలో పెట్టాడు. ఫొటోగ్రాఫరు లైటు వెలిగించాడు. నువ్వు దాన్ని వేడి గిన్నె దించినట్టు మెల్లగా బల్ల మీద పెట్టి, జేబులోంచి నీ పాత ఫోను తీశావు. అద్దం పగిలి, రబ్బరు బ్యాండు చుట్టి, మిగిలిన చొక్కా గుడ్డతో కుట్టిన సంచిలో.

"ఇది ఎదురు దుకాణం ఫోను బాబూ. ఎందుకు కొన్నానో తెలుసా?"

"కెమెరా చూశారా సార్?"

"కెమెరా లేదు, గిమెరా లేదు. మూడేళ్ల కింద వీడు అక్కడ పనిచేసేవాడు. నేను పెద్ద ఫోను మీద చెయ్యి వేస్తే, అది నీకొద్దన్నయ్యా, ఈ చిన్నదాంతో నీ పని జరుగుతుంది అన్నాడు. వాడి పైవాడు పక్కనే ఉరిమి చూస్తున్నాడు, అయినా అన్నాడు. మీ కంపెనీలు ఆర్నెల్లకోసారి పాతది పనికిరాదంటాయి. వీడి మాట ఇంకా పనిచేస్తోంది. నేను నమ్మింది గుర్తుని కాదు, వీణ్ణి."

మేనేజరు ఏదో అనబోయాడు. నువ్వు చెయ్యెత్తావు. బల్ల గుద్దుతావేమోనని అందరూ వెనక్కి జరిగారు. గుద్దలేదు.

"ఆ టీవీలో మాట నాది. ఫోను పట్టుకున్న చెయ్యి ఎవరిదైనా, నోరు నాది. శిక్ష వేస్తే ఈ నోటికి వెయ్యండి. వీడికి కాదు."

అని వెళ్లిపోయావు. మంచినీళ్లు కూడా తాగలేదు. నువ్వు మలుపు తిరగ్గానే, అంతసేపూ వింటున్న ఇద్దరాడవాళ్లు నా దగ్గరికొచ్చి, "బాబూ, మాకూ పెద్దది వద్దు, పని జరిగేదేదో నువ్వే చూపించు" అన్నారు. వాళ్ల వెనక ఇంకొకాయన. మేనేజరు గడ్డం గోక్కుని, "సరే, శుక్రవారం సంగతి మర్చిపో" అన్నాడు. ఫొటోగ్రాఫరు చేత లైటు ఆర్పించి, "మీ అన్నయ్య శనివారాలు ఖాళీయేనా?" అన్నాడు.

అందరూ నా భుజం తట్టారు. నేను అన్నం ముట్టకుండా ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. ఎందుకంటే ఫోను పట్టుకున్న ఆ చెయ్యి నాది.

వీడియో తీసింది నేనే అన్నయ్యా. నువ్వు బల్ల గుద్దినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. "మా అన్నయ్య" అని రాసి స్టేటస్‌లో పెట్టుకున్నాను. మా కంపెనీని తిడుతున్నావన్న ధ్యాస కూడా లేదు, అంత గర్వంగా ఉంది. అందులో అర నిమిషమే పడుతుంది, మిగతాది తెగిపోయింది. తాళంచెవిలో నాతో పనిచేసిన పాత స్నేహితుడు చూసి పైకి పంపాడు. టీవీలో నిన్ను చూడగానే భయపడి స్టేటస్ తీసేసి, కోపమంతా నీ మీదికి తిప్పాను. మొదటి ఉత్తరంలో దరిద్రుడెవడో అన్నానే, వాడి అడ్రసు నా అడ్రసే.

రేపు పొద్దున్న మేనేజరుకి చెప్పేస్తాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు.

నిన్ను అమ్మేసిన తమ్ముడు


ప్రియమైన నా తమ్ముడా,

నాకు ముందే తెలుసు.

ఆ టీవీ ముందు మొదటిసారి చూసినప్పుడే తెలిసింది. నా మాట పూర్తికాకముందే ఒక ఆమేన్ వినిపిస్తుందని రాశానుగా? చిన్నప్పుడు అన్నం ముందు నాన్న ప్రార్థన చేస్తుంటే, ఆకలికి ఆగలేక మూడు మాటలు ముందే ఆమేన్ అని పళ్లెంలో చెయ్యి పెట్టేవాడివి. దెబ్బలు తిన్నావు గాని మానలేదు. యాభైమందిలో కాదు, యాభైవేలమందిలో ఆ ఆమేన్ పోల్చుకుంటాను. పైగా అది అంత దగ్గరగా వినిపించిందంటే, ఫోను ఆ నోటి పక్కనే ఉన్నట్టు.

నా మొదటి జవాబులో ఏముందో ఇప్పుడు చెబుతాను. నాలుగు పేజీలు. "తీసింది నువ్వే, పైగా నన్నే నిలదీస్తావా, ఇక నా గడప తొక్కకు" అని. ప్రభువుని అమ్మేసిన ముప్పై వెండి నాణేల దాకా వెళ్లాను. మర్నాడు సొరుగు తీసి చదివితే ఒళ్లు జలదరించింది. నీ తప్పు చూసి కాదు. నేను ఎంత సంతోషంగా శపించానో చూసి. చింపి పొయ్యిలో వేశాను. నాన్న నియమం నీకంటే నాకే ఎక్కువ అవసరం.

మరి నీకెందుకు చెప్పలేదంటావా? వాక్యంలో తప్పిపోయిన కొడుకు కోసం ఆ తండ్రి దారి వైపు చూస్తూ ఉన్నాడు గాని, పందుల దొడ్డిదాకా వెళ్లి చెవి పట్టుకుని లాక్కురాలేదు. ఆగడం నాకు ఎంత చేతకాని పనో నీకు తెలుసు. మూడు వారాలు పళ్లు నూరాను. మీ వదిన "ఏమైనా నములుతున్నారా?" అని అడిగింది.

ఇంకొకటి. ఆ టీవీ నాలుగుసార్లు చూశానన్నాను. మొదటిసారి కోపంతో. మిగతా మూడుసార్లూ, బాగా చెప్పానే అని. దుకాణంవాడు "మంచి పేరేగా" అన్నప్పుడు ముల్లు దిగింది అందుకే. ఊరందరి దూడల్నీ వేలుపెట్టి చూపించాను, నాది మాత్రం గోడంత టీవీలో మెడలో టేపు వేసుకుని నిలబడింది.

మేనేజరుకి చెప్పావా, ఉంచాడా తీశాడా, నేను అడగను. నువ్వొచ్చి చెప్పు. గురువారం తిరిగొచ్చి బస్సు దిగుతుంటే నా ఫోను జారి చక్రం కింద పడింది. రబ్బరు బ్యాండు ఒక్కటే మిగిలింది. కొత్తది కావాలి. గొడుగు చొక్కాలో వచ్చినా, ఏ గుర్తూ లేని చొక్కాలో వచ్చినా, ఏది కొనాలో నువ్వే చెప్పు.

ఆదివారం రా. కుర్చీలు లేవు, చాప మీద కూర్చోవాలి. వెనక వరసలో వద్దు, ముందు కూర్చో. ఫోను జేబులో పెట్టుకో.

నేను ముగించాక అను, ఆమేన్.

నీ అన్నయ్య