శైలజ వదిన కట్టిన మూట

జులై 7, సోమవారం
నారాయణప్పన్న మగ్గానికి నా కొత్త డిజైన్ ఇంకా ఎక్కలేదు. గీసిన బొమ్మను మగ్గానికి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రాం ఆయన కంప్యూటర్లో తెరుచుకోదు. దానికంటే ముందు ఇంకో నాలుగు ప్రోగ్రాములు ఉండాలట. ఒకటి వేస్తే ఇంకొకటి అలుగుతుంది. వాళ్ళింట్లో నెట్ అంతంతమాత్రం, కరెంటు దాని ఇష్టం.
"ఈ వారం కూడా పని నిలబడితే మగ్గం అమ్మేస్తా పాపా. ఆదివారం బెంగళూరు బస్సుకు టికెట్ తీసినా. ఆడ వాచ్‌మెన్ పని ఉండాదంట."
అంత బాగా నేసే మనిషి, ఇలా అంటాడు...

జులై 8
కదిరికి ఫోన్, శైలజ వదినకు. మా ఇంటికి కోడలై వచ్చాకే మాకు కంప్యూటరంటే భయం పోయింది.
"అన్నీ కలిపి ఒకే మూట కడతా. ఒకసారి నొక్కితే అదే విప్పుకుంటాది."
చెప్పినంత సులువా?

జులై 10
పెన్ డ్రైవ్ బస్సులో వచ్చింది. నా కంప్యూటర్లో పెట్టి నొక్కాను. నెట్ అడగలేదు. సగంలో కావాలనే కరెంటు తీసేశాను. మళ్ళీ వేస్తే ఆగిన చోటి నుంచే మొదలు! తెగిన పోగు ముడేసి నేత సాగించినట్టు. ఇక్కడి కరెంటు సంగతి కూడా ఆలోచించి కట్టింది. ఏం మనిషి!
సాయంత్రం నారాయణప్పన్నకు ఇచ్చి వచ్చాను.

జులై 11
పొద్దున పోతే ఆయన కంప్యూటర్ పెన్ డ్రైవ్‌ను గుర్తుపట్టదు. తీసి చూస్తే నోటి నిండా పసుపు! కొత్త పడుగు ఎక్కించేటప్పుడు మగ్గానికి పెట్టినట్టే, ఆయన భార్య రత్నక్క దీనికీ తడి పసుపు, కుంకుమ పెట్టింది.
"మంచి జరగాలనే కదా పెట్టినా..."
తుడిచినా పలకలేదు. నాకు ఒళ్ళు మండింది. నారాయణప్పన్న జేబులోంచి టికెట్ తీసి టైం చూసుకున్నాడు, దాంతో భయం వేసింది.
వదినకు ఫోన్ చేసి చెప్పాను, నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు. "ఆయమ్మ తప్పేముందిలే. ఈసారి రెండు పంపిస్తా. పూజకొకటి, పనికొకటి."
నాకు కోపం తప్ప ఏమీ తోచలేదు. ఆమెకు ఇది తోచింది.

జులై 12
రెండూ వచ్చాయి.

జులై 13, ఆదివారం
ఒకటి దేవుని పటం దగ్గర. రెండోది పెట్టి నొక్కింది రత్నక్కే. మధ్యలో కరెంటు పోయింది, వచ్చింది. మూట చక్కగా విప్పుకుంది. మధ్యాహ్నానికి మగ్గం మీద నేను గీసిన హంసల అంచు మొదలైంది. నారాయణప్పన్న వేలితో తడిమి చూశాడు.
"మీ వదినను ఒకసారి ఈడికి పిల్చుకొని రా పాపా."
"ఎప్పుడు రమ్మంటావన్నా?"
ఆయన మళ్ళీ నేత అందుకున్నాడు.
బస్సు టైమవుతోంది. సర్దిన సంచి గడప పక్కనే ఉంది, టికెట్ చొక్కా జేబులో. పోతాడా? రత్నక్క సంచి వైపు, మగ్గం వైపు మార్చి మార్చి చూసింది.
మగ్గం చప్పుడు మాత్రం ఇంకా ఆగలేదు...