వాగు ఒడ్డు గహ్వా దుకాణం

ఏప్రిల్ 6, 2017. గురువారం. తాయిఫ్, సౌదీ అరేబియా.

నా భార్య కెజియాకి ఈ నెలంతా హాస్పిటల్లో నైట్ డ్యూటీ. పగలు పడుకోవాలి. ఉన్నది ఒకటే గది. నేను పుస్తకంలో పేజీ తిప్పినా మెలకువ వస్తుందట. అందుకని రోజూ మధ్యాహ్నం బయటికి పోతున్నాను.

ఇవాళ ఇక్కడి చరిత్రాత్మక గహ్వా దుకాణం చూశాను, అరబ్బుల కాఫీకొట్టు. వందేళ్ల నాటిదట. హజ్‌కి పోయే ఒంటెల బిడారాలు అక్కడ ఆగేవట. తప్పకుండా చూడాలని కెజియా వార్డులో ఎవరో చెప్పారు. చూశాను. పెచ్చులూడిన రాతి గోడ. తాళ్లతో అల్లిన ఎత్తు బల్లలు, కూర్చుంటే కాళ్లు నేలకందవు. హుక్కా పొగ. పక్కనే వాది వజ్. పేరుకే వాగు. రాళ్లు, ప్లాస్టిక్ సీసాలు, ఒక మేక. మనుషులు దానివైపే చూస్తూ గంటలు గంటలు కూర్చుంటారు. ఏం చూస్తారో.

నడిపేది గులాం మొహిద్దీన్, రాయచోటి వాడు. నేను తెలుగువాణ్ణని పసిగట్టి, ఏం పని చేస్తాండారు సామీ అని అడిగాడు. హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ అన్నాను. అబద్ధం నోటికి ఎంత సులువుగా వచ్చిందో.

టీ ఫర్వాలేదు.

ఏప్రిల్ 11.

మళ్లీ అక్కడికే. మాల్‌లోకి ఒంటరి మగాణ్ణి సెక్యూరిటీవాడు రానివ్వడు. ఇక్కడ ఆఫీసర్ సార్ అంటున్నారు. బాగానే ఉంది.

మొండయ్య అని ఒకడు తగులుకున్నాడు. జగిత్యాల వైపు తాపీమేస్త్రీ. యాభై దాటి ఉంటాయి. ఒక్క గ్లాసు టీతో పూటంతా గడుపుతాడు. అడక్కుండానే కథంతా చెప్పాడు. వాళ్ల కంపెనీలో సౌదీవాళ్లు సరిపడా లేరని, ఆ లెక్క చూసే సర్కారీ పద్ధతి నితాఖత్‌లో రెడ్‌లో పడేశారట. ఎవరి అకామా కూడా, అదే ఇక్కడ ఉండే పర్మిట్ కార్డు, రెన్యూ కాలేదట. వేరే చోటికి మారతానంటే కఫీల్‌కి, అంటే వీసా ఇచ్చిన యజమానికి, కోపమొచ్చి, పనోడు పారిపోయాడని హురూబ్ రిపోర్టు పెట్టాడట. పాస్‌పోర్ట్ ఆయన దగ్గరే ఉందట. ఇంటికి పోయి ఆరేళ్లు. భార్య ముత్యవ్వ మాట్లాడటం మానేసిందట. వస్తె మాట్లాడ్త, రాకుంటె ఫోన్ చెయ్యకు అందట.

ఇవన్నీ నాకెందుకు? ఎమ్మే ఇంగ్లిష్ చదివి, పదకొండేళ్లు కాలేజీలో పాఠం చెప్పినవాణ్ణి. వీడి పక్కన, ఈ బల్ల మీద.

ఏప్రిల్ 20.

మొండయ్య అకామా, పాస్‌పోర్ట్ జిరాక్సులు తెచ్చాడు. కాగితాలు సరిగా లేనివాళ్లకి ఇక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. రంజాన్ నెల అయ్యేలోగా వెళ్లిపోతే జైలు లేదు, బ్యాన్ లేదు. మన కాన్సులేట్‌కి ఇంగ్లిష్‌లో అర్జీ పెట్టాలి, ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేయాలి. నీ ఆఫీసుల జర చెప్పి రాయించు సారూ అన్నాడు. చూస్తాలే అన్నాను.

జిరాక్సులు పరుపు కింద పెట్టాను.

ఏప్రిల్ 27.

అడిగాడు. ఫైల్ పైకి వెళ్లిందన్నాను.

మే 4.

మళ్లీ అడిగాడు. మేనేజర్ లీవులో ఉన్నాడన్నాను. నమ్మాడు. ఇలా నమ్మేవాళ్ల మీదే హురూబ్‌లు పడేది.

మే 11.

కెజియా డ్యూటీ నుంచి వచ్చి, షూ విప్పకుండానే చెప్పింది. జూలై నుంచి నాలాంటి డిపెండెంట్ల మీద లెవీ, నెలనెలా పన్ను. ఏటా పెరుగుతుందట. మీరు ముందు వెళ్లండి, కాంట్రాక్ట్ అయ్యాక నేనూ వచ్చేస్తానండీ అంది. బందరులో మీకు మళ్లీ కాలేజీ దొరక్కపోదు అని కూడా అంది. అంత మెత్తగా అనకుండా ఉండాల్సింది.

పేషెంట్లను డిశ్చార్జ్ చేయడం నర్సులకు అలవాటేగా అన్నాను. ఆవిడ సంపాదించిన అన్నం ముందు కూర్చునే అన్నాను. తను వెళ్లి దుప్పటి కప్పుకుంది.

మే 18. సాయంత్రం ఐదు.

ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టుకుని రాస్తున్నాను.

గులాం మొహిద్దీన్ గ్యాస్ సిలిండర్ కోసం వెళ్తూ దుకాణం కాసేపు చూస్తుండమన్నాడు. నేనా, టీకొట్టుకి కాపలానా అనుకున్నాను. కానీ ఫ్యాను కింద ఉన్నది గల్లాపెట్టె దగ్గరి కుర్చీ ఒక్కటే. వెళ్లి కూర్చున్నాను. అప్పుడే వచ్చారు, లేబర్ ఆఫీసు ఇన్స్‌పెక్టర్లు ఇద్దరు. అకామా అడిగారు. ఇచ్చాను. వాళ్లలో పెద్దాయన అందరికీ వినబడేలా చదివాడు. భార్య వెంట వచ్చినవాడు. పని చేయడానికి అనుమతి లేదు. మరి గల్లాపెట్టె దగ్గర ఏం చేస్తున్నావన్నాడు.

ఇంగ్లిష్‌లో మొదలుపెట్టాను. పదకొండేళ్లు పాఠాలు చెప్పిన నోరు, ఒక్క వాక్యం పూర్తి చేయలేకపోయింది. దొంగతనంగా పని చేస్తున్నానని రాసుకుంటే నాతో ఆగదు, కెజియా ఉద్యోగం దాకా పోతుంది. బుర్రలో అదొక్కటే.

మొండయ్య వాగులోకి దిగే మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. రెండంగల్లో మాయమైపోవచ్చు. ఎవరూ వాడి వైపు చూడటం లేదు. వాడు పైకొచ్చాడు. వచ్చీరాని అరబీలో, చేతులు తిప్పుతూ, ఈయన పనోడు కాదు, రోజూ వచ్చి నా పక్కన టీ తాగే మనిషి అని చెప్పాడు. నీ అకామా ఏదని వాణ్ణి అడిగారు. గడువు తీరిన కార్డు తీసిచ్చాడు. పెద్దాయన ఫోన్‌లో నంబర్ కొట్టి చాలాసేపు చూశాడు. ఈలోగా గులాం మొహిద్దీన్ సిలిండర్ భుజాన పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. నేను ఒట్టి గిరాకీనని ఒట్లు పెట్టాడు. చివరికి పెద్దాయన నా కార్డు నా మీదికి విసిరాడు. మొండయ్య కార్డు మాత్రం చేతిలో పెట్టి, క్షమాభిక్ష గడువులోగా ఇంటికి వెళ్లిపో, ఆ తర్వాత కనబడితే వదలనన్నాడు.

వాళ్లు వెళ్లాక నేను తల ఎత్తలేదు. అందరూ విన్నారు. మొండయ్య వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. వెక్కిరిస్తాడనుకున్నాను.

అయితె నీకు డ్యూటీ లేదన్నట్టు, మరి కూసోని రాయి సారూ అన్నాడు.

మే 19.

రాశాను. ఇరవై నిమిషాల పని. నెల రోజులు దాని మీద పడుకున్నాను.

కాన్సులేట్ వాళ్లు మంగళవారం తాయిఫ్‌కే వస్తున్నారు. పేరు నమోదు చేశాను.

మే 23.

క్యూలో ఆరు గంటలు, మొండయ్యతో పాటు. నా చేతిలో పెన్ను చూసి వెనకవాళ్లు కూడా కాగితాలు చాపారు. దిక్కుమాలిన స్పెల్లింగులు. ఒకే మనిషి పేరు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంది. విసుక్కుంటూనే నింపాను. మొండయ్య నా కోసం ఎక్కడి నుంచో ప్లాస్టిక్ స్టూల్ పట్టుకొచ్చాడు. కూర్చోవాలనిపించలేదు. కూర్చున్నాను.

జూన్ 12.

పాస్‌పోర్ట్ బదులు ఔట్‌పాస్ వచ్చింది. పాస్‌పోర్టులు చూసే జవాజాత్ ఆఫీసులో వేలిముద్రలు. సిమెంటు తిన్న వేళ్లు, మెషిన్‌కి అందలేదు. మూడుసార్లు కాదంది. అక్కడి పోలీసు, ఉపవాసంతో నోరెండిపోయి ఉన్నాడు, అయినా లేచి తడి గుడ్డ తెచ్చి వాడి వేళ్లు ఒక్కొక్కటే తుడిచాడు. ఐదోసారికి పట్టింది.

ఫైనల్ ఎగ్జిట్. ఇక ఇంటికి పోవచ్చు.

జూన్ 17.

మొండయ్యని జిద్దా బస్సెక్కించాను. థాంక్స్ లాంటివి ఏమీ చెప్పలేదు. ఎక్కేముందు మాత్రం, నువ్వు గూడ పో సారూ, మంచిగ చెప్పెటోళ్లు ఉన్నప్పుడే ఇనాలె అన్నాడు. కెజియా సంగతి వీడికెప్పుడు చెప్పాను? ఆ ఆరు గంటల క్యూలో ఏదో వాగి ఉంటాను.

నాకు సలహా ఇవ్వడానికి వీడెవడు అనుకున్నాను. బస్సు వెళ్లిపోయాక కూడా అక్కడే నిలబడి అనుకున్నాను.

జూన్ 20.

బందరు పోతాను, నాకు ఎగ్జిట్ పెట్టమని కెజియాకి నేనే చెప్పాను. ఎవరు చెప్పారండీ మీకు అంది. మొండయ్య అన్నాను. ఎవరాయన అంది.

మొదటి రోజు నుంచి చెప్పాల్సి వచ్చింది. హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌తో సహా.