పద్నాలుగో తారీఖు దాతలు

12 జూన్ 2009, శుక్రవారం

తప్పు నీదే. ఎవరివైనా సరే, ఈ పేజీ తెరిచావు గనుక నీకే చెబుతున్నాను. కేలండర్ గుర్తుచేస్తే తప్ప నీకు దయ పుట్టదు. పర్యావరణ దినమని మా సందులో నాటిన మొక్కలు వారానికే ఎండిపోయాయి. ప్లాస్టిక్ బ్యానర్ మాత్రం నిగనిగలాడుతోంది. ఇవాళ బాలకార్మిక వ్యతిరేక దినం, బడిలో ప్రతిజ్ఞ చేయించాం. ఎల్లుండి రక్తదాతల దినం, మా చర్చిలో క్యాంపు.

నా భయం ఆ క్యాంపే. ఎదురింటి చాంద్‌పాషా కూతురు హజీరాకి తలసీమియా. నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. అదీ ఓ నెగెటివ్. ఐదుగురు దాతల్ని వంతులవారీగా పిలిచేది నేను. ఒకసారి ఇచ్చినవాళ్లు మూడు నెలలు ఆగాలి. ముగ్గురు ఈ మధ్యే ఇచ్చారు. ఇరవై నాలుగున వంతు మా తమ్ముడు నోవహుది. వాడికి కుదరకపోతే ఐదో దాత మేబెల్.

14 జూన్, ఆదివారం

నోవహు క్యాంపులో ఇచ్చేశాడు. మేబెల్ కూడా.

17 జూన్

వాడితో గొడవ. పాస్టర్‌గారు అందరి ముందూ పేరు పెట్టి పిలిస్తే తల దించుకుని కూర్చోమంటావా అక్కా అన్నాడు. రక్తం ఎవరికెక్కితే ఏంది, మనిషికే కదా అన్నాడు.  గట్టిగా అరిచాను.

బ్లడ్‌బ్యాంకుకి ఫోన్ చేశాను. ఆ రెండు బ్యాగులూ ఒక యాక్సిడెంట్ కేసుకీ, ఒక కాన్పుకీ వెళ్లిపోయాయట. స్టాక్ లేదు, దాతని మీరే తెచ్చుకోండి మేడం అంది ఫోనెత్తిన అమ్మాయి, చల్లగా.

19 జూన్

మేబెల్ ఇంటికి వెళ్లాను. క్వయర్‌లో ఆర్గాన్ వాయిస్తుంది, ఉంటున్నది మౌలాలి రైల్వే కాలనీలో. క్యాంపు సర్టిఫికెట్‌కి ఫ్రేమ్ కట్టించి టీవీ మీద పెట్టుకుంది. చూడగానే ఒళ్లు మండింది, క్యాంపులో ఎందుకిచ్చావని అడిగేశాను. ఇన్నేళ్లూ నువ్వు రమ్మన్నప్పుడల్లా వచ్చి చెయ్యి చాపాను కాంతమణీ, ఒక్కసారైనా టీ ఇచ్చావా, ఒక్కరోజు నాకు చప్పట్లు కొడితే నీకేం నొప్పి అంది. లేచి వచ్చేశాను.

22 జూన్, సోమవారం

హజీరా మెట్లెక్కలేక మధ్యలోనే కూర్చుంది. పెదాలు తెల్లగా ఉన్నాయి. నిన్న ఫాదర్స్ డే అని వాళ్ల నాన్నకి కార్డు చేసిందట, చూపించింది. కుట్టుమిషన్లు బాగుచేసే చాంద్‌పాషా, ఆ కార్డుని షాపులో అద్దానికి అంటించుకున్నాడు. జెర పరేషాన్ గాకుండ్రి టీచరమ్మా, ఎవరో ఒకరు దొరుకుతరు అన్నాడు. ఆ మాట చెప్పాల్సింది నేను కదా.

పాత విద్యార్థులకి, టీచర్ల యూనియన్ వాళ్లకి, సీతాఫల్‌మండిలో తెలిసిన ప్రతి ఇంటికీ ఫోన్ చేశాను. ఓ పాజిటివ్‌లు బోలెడు. కాలేజీలు ఇంకా తెరవలేదు. నా బ్లడ్ గ్రూపు బి.

24 జూన్, ఉదయం 7

ఎవరూ లేరు. చాంద్‌పాషా పిల్లని ఎత్తుకుని ఆటో ఎక్కాడు.

మధ్యాహ్నం 2

మేబెల్ ఫోన్ చేసింది. బాప్తిస్మమిచ్చు యోహాను పండుగని బొల్లారంలో పొద్దుట ఆరాధనకి వాయించడానికి వెళ్లిందట. ఆఖరి కీర్తన అయ్యాక ఆర్గాన్ దగ్గర్నుంచే లేచి, ఓ నెగెటివ్ వాళ్లుంటే బయటికి రండి, ఒక పాప ఎదురుచూస్తోంది అందట. అక్కడి పాస్టర్‌గారు బిత్తరపోయారట. కంటోన్మెంట్‌లో ఆయాగా పనిచేసే రోసమ్మ అనే ఆవిడ చెప్పులేసుకుని వచ్చేసిందట. ఇద్దరూ బ్లడ్‌బ్యాంకులోనే ఉన్నారు. దినాలంటే మండిపడే నాకు ఒక దినమే దాతని తెచ్చింది. ఒప్పుకోబుద్ధి కావడం లేదు.

సాయంత్రం

టెస్టులన్నీ అయ్యాక ఎక్కించడం మొదలుపెట్టారు. సగం బ్యాగు కాకముందే హజీరా మిర్చిబజ్జీ అడిగింది.

25 జూన్

డిమాండ్లు. బ్లడ్‌బ్యాంకుకి, పాస్టర్‌గారికి, నీకు, నాకు.

అందరి రక్తం ఒకే రోజు తీయొద్దు.

ఓ నెగెటివ్ వాళ్లని పడుకోబెట్టే ముందు, నీ వంతు కోసం ఎవరైనా ఎదురుచూస్తున్నారా అని అడగాలి.

మేబెల్‌కి టీ. నేనే పెట్టాలి.

జూలైలో ఒక బుధవారం మళ్లీ రక్తం కావాలి. ఆ బుధవారానికి పేరేమీ లేదు. నువ్వు రావాలి.